ఆ హైఫన్ ఎక్కడిది? మౌంట్‌బాటెన్-విండ్సర్ ఇంటిపేరు వెనక 1960 నాటి నిర్ణయం

2025 అక్టోబరు 30న బకింగ్‌హామ్ ప్యాలెస్ ఒక ప్రకటన చేసింది. రాజు చార్లెస్ తమ్ముడు ఆండ్రూ ఇక ప్రిన్స్ కాదు, ఆయన్ని ఆండ్రూ మౌంట్‌బాటెన్ విండ్సర్ అని పిలుస్తారు. అమెరికాలో లైంగిక నేరాలకు శిక్షపడిన జెఫ్రీ ఎప్‌స్టీన్‌తో స్నేహం తాలూకు వివాదమే అందుకు కారణం, ఆ సంగతులు అందరికీ తెలిసినవే. చాలామంది దృష్టికి రానిది ఆ పేరు రాసిన తీరు. రెండు మాటలు విడివిడిగా ఉన్నాయి, మధ్య హైఫన్ లేదు. 1960లో ఎలిజబెత్ రాణి చేసిన ప్రకటనలో మాత్రం హైఫన్ ఉంది. చివరికి నవంబరులో ప్యాలెస్ ఆ పాత ప్రకటన ప్రకారమే హైఫన్ పెట్టి రాయాలని నిర్ణయించుకుంది.

చిన్న గీతే, కానీ అది లేకపోతే అర్థం మారుతుంది. విడివిడిగా రాస్తే ‘మౌంట్‌బాటెన్’ నడిమి పేరుగా, ‘విండ్సర్’ ఒక్కటే ఇంటిపేరుగా చదువుకోవచ్చు. అక్షరక్రమంలో పెట్టే ఏ జాబితాలోనైనా ఆ పేరు ‘డబ్ల్యూ’ కిందికి పోతుంది. హైఫన్ పెడితే రెండూ కలిసి ఒకే ఇంటిపేరు, అప్పుడు దాని చోటు ‘ఎమ్’ కింద. తండ్రి ఫిలిప్ పేరు ఇంటిపేరులో భాగమా, పక్కన నిలబెట్టిన అలంకారమా అన్నది ఆ గీతే తేలుస్తుంది. 1952 నుంచి 1960 దాకా నడిచిన గొడవ సరిగ్గా దీని మీదే.

మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ పేర్లు వదిలించుకున్న కథ చాలాసార్లు చెప్పుకున్నదే. 1917 జులై 17న అయిదో జార్జి తన వంశానికి విండ్సర్ అని పెట్టుకున్నాడు. అది కోట ఉన్న ఊరి పేరు. అదే ఏడాది బాటెన్‌బర్గ్ కుటుంబం తమ పేరులోని ‘బర్గ్’ను ఇంగ్లిష్‌లోకి మార్చి, ముందుకు తెచ్చి, మౌంట్‌బాటెన్ అయింది. ఆ ఇంటివాడే మనకు చివరి వైస్రాయ్‌గా తెలిసిన లూయీ మౌంట్‌బాటెన్. ఎలిజబెత్ రాణి భర్త ఫిలిప్‌కు ఆయన స్వయానా మేనమామ. 1947 ఫిబ్రవరిలో బ్రిటిష్ పౌరసత్వం తీసుకున్నప్పుడు ఫిలిప్ ఎంచుకున్నది తల్లి పుట్టింటి పేరే. తండ్రి వైపు వంశనామం ష్లెస్విగ్-హోల్‌స్టైన్-సోండర్‌బర్గ్-గ్లూక్స్‌బర్గ్. దాన్ని ఇంగ్లండులో ఇంటిపేరుగా వాడుకోవడం అయ్యే పని కాదు.

1952 ఫిబ్రవరి 6న ఆరో జార్జి చనిపోయాడు, కూతురు ఎలిజబెత్ రాణి అయింది. కొద్ది రోజులకే, ఇప్పుడు ఏలుతున్నది మౌంట్‌బాటెన్ వంశమని లూయీ ఒక విందులో అన్నాడన్న మాట అయిదో జార్జి భార్య మేరీ రాణి చెవిన పడింది. ఆమె వెంటనే ప్రధాని చర్చిల్ కార్యదర్శికి కబురు పెట్టింది. చర్చిల్ మంత్రివర్గం గట్టిగా అడ్డుపడింది. కనీసం ఎడిన్‌బరో అన్న పేరైనా పిల్లలకు దక్కనివ్వమని ఫిలిప్ నోట్ రాసినా లాభం లేకపోయింది. ఏప్రిల్ 9న రాణి ప్రకటన వెలువడింది: తానూ తన పిల్లలూ విండ్సర్ వంశం, విండ్సర్ కుటుంబం, తన సంతతి ఇంటిపేరు విండ్సర్. దేశంలో తన పిల్లలకు తన పేరు ఇవ్వలేని మగవాణ్ని తానొక్కణ్నే అని ఫిలిప్ బాధపడ్డాడంటారు. ఆ బాధలో న్యాయం ఉంది. చర్చిల్ వైపు వాదన రాజవంశం పేరు గురించి, ఫిలిప్ అడిగింది పిల్లల ఇంటిపేరు గురించి. రెండూ వేరు విషయాలని అప్పుడు ఎవరూ విడదీసి చూడలేదు.

విడదీయక తప్పని పరిస్థితి 1959లో వచ్చింది. రాణి మూడోసారి గర్భవతి. రాజ్యాంగ చట్టాల మీద రాసే ఎడ్వర్డ్ ఇవీ అనే న్యాయవాది ప్రధాని మాక్‌మిలన్‌కు ఉత్తరం రాశాడు. ఆయన లెక్క ఇది: చార్లెస్ 1948లో, ఆన్ 1950లో పుట్టారు. అప్పటికి 1952 ప్రకటన లేదు, కాబట్టి వాళ్లు పుట్టుకతో తండ్రి పేరువాళ్లు, ఆ తర్వాతే విండ్సర్లయ్యారు. రాబోయే బిడ్డ మాత్రం మొదటి రోజు నుంచే తల్లి పుట్టింటి పేరుతో ఉంటుంది. ఇంగ్లండు ఆచారంలో తల్లి పేరు మోసే బిడ్డంటే పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డ అని అర్థం. రాణి బిడ్డకు ఆ మచ్చ ఎలా పెడతారని ఆయన నేరుగానే అడిగాడు. ప్రభుత్వంలో పెద్దలకు ఆ మాట మింగుడుపడలేదు, ఆయన నోరు మూయించాలనే చూశారు. కానీ రాణి కూడా మార్పు కావాలని పట్టుబట్టింది. 1960 ఫిబ్రవరి మొదట్లో మాక్‌మిలన్ ఆఫ్రికా పర్యటనలో ఉండగా, లండన్‌లో మంత్రివర్గాన్ని నడిపిన బట్లర్ వ్యవహారాన్ని ఒక కొలిక్కి తెచ్చాడు.

ఫిబ్రవరి 8న కొత్త ప్రకటన వచ్చింది. వంశం పేరు విండ్సర్‌గానే ఉంటుంది. రాయల్ హైనెస్ అన్న గౌరవమూ, ప్రిన్స్ లేదా ప్రిన్సెస్ హోదా ఉన్నవాళ్లు కాక మిగతా సంతతి ఇంటిపేరు మౌంట్‌బాటెన్-విండ్సర్. పెళ్లయిన ఆడపిల్లలకూ వాళ్ల సంతానానికీ ఇది వర్తించదు. పదకొండు రోజులకు, ఫిబ్రవరి 19న, బిడ్డ పుట్టాడు. ఆ బిడ్డే ఆండ్రూ.

అక్షరాలా చదివితే ఆ రోజు ఆయనకు ఈ పేరు వర్తించదు, పుట్టుకతోనే ప్రిన్స్ కదా. రాణికి అప్పటికింకా మనవలు పుట్టలేదు. అందువల్ల పదమూడేళ్లపాటు ఈ పేరు కాగితం మీదే ఉంది. 1973 నవంబరు 14న వెస్ట్‌మిన్‌స్టర్ అబ్బేలో ఆన్ పెళ్లి రిజిస్టరులో మౌంట్‌బాటెన్-విండ్సర్ అని రాయడంతో వాడుకలోకి వచ్చింది. హోదా ఉన్న ఆమెకు ప్రకటన ప్రకారం ఇంటిపేరు అక్కర్లేదు, అయినా రాశారు. 1986లో ఆండ్రూ పెళ్లికీ అంతే. అలా వాడుక ప్రకటన గీసిన హద్దు దాటి విస్తరించింది. రాణి చిన్న కొడుకు ఎడ్వర్డ్ కూతురు, హోదా లేకుండా పెరిగిన లూయీస్‌కు, 2019లో పుట్టిన హారీ కొడుకు ఆర్చీకి ఈ పేరే పెట్టారు. తాత రాజయ్యాక ఆర్చీ ప్రిన్స్ అయ్యాడు.

2025 నవంబరులో రాజముద్ర వేసిన ఉత్తర్వుతో ఆండ్రూ రాయల్ హైనెస్ గౌరవం, ప్రిన్స్ హోదా అధికారికంగా పోయాయి. రాణి నలుగురు పిల్లల్లో 1960 ప్రకటన మాటలు అక్షరాలా వర్తించిన మొదటి వ్యక్తి ఆయనే. ఆ ప్రకటనను ఎవరి పుట్టుకకు ముందు హడావుడిగా రాశారో, అరవై అయిదేళ్ల తర్వాత అది ఆయనకే పూర్తిగా అమలైంది. అందుకే హైఫన్ లేకుండా రాయడాన్ని అచ్చుతప్పుగా కొట్టిపారేయలేం. న్యాయవాది ఎడ్వర్డ్ ఇవీ వాదించి, ఫిలిప్ ఎదురుచూసి సాధించుకున్నది ఆ గీతే.

అయితే ఆ ప్రకటనలోని ఇంకో షరతు ఇప్పటికీ అలాగే ఉంది. ఆండ్రూ కూతుళ్లు బియాట్రిస్, యూజినీ పిల్లల ఇంటిపేర్లు మాపెల్లి మోజీ, బ్రూక్స్‌బ్యాంక్. ఆన్ పిల్లల ఇంటిపేరు ఫిలిప్స్. 2013 నాటి వారసత్వ చట్టం సింహాసనం విషయంలో ఆడామగా తేడా తీసేసింది కానీ ఇంటిపేరు జోలికి పోలేదు. మార్చాలంటే పార్లమెంటు అక్కర్లేదు, 1952లోనూ 1960లోనూ జరిగినట్టు సింహాసనం మీదున్నవాళ్లు ఇంకో ప్రకటన చేస్తే చాలు. చార్లెస్ ఇప్పటిదాకా అలాంటిదేదీ చేయలేదు.