తూటా పెట్టె మీది వేగం ఎక్కడిది?

గుంటూరు నుంచి బెజవాడకు బస్సు ఎంత వేగంతో వచ్చిందని అడిగి చూడండి. కాజ టోల్‌గేట్ దాటాక డ్రైవరు ముందున్న ముల్లు చూసినవాడు ఎనభై అంటాడు. బస్టాండులో ఎక్కి బస్టాండులో దిగేదాకా గడియారం చూసుకున్నవాడు ముప్పై అయిదు అంటాడు. ఇద్దరిదీ నిజమే. షాట్‌గన్ తూటా పెట్టె మీద అచ్చేసే వేగానిదీ ఇదే తంతు.

12 బోర్ (బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు కొలత) తూటాలో ఒక్క గుండు కాదు, వందలకొద్దీ సీసపు గుళ్లుంటాయి. గొట్టం దాటగానే గాలి వాటిని పట్టేస్తుంది. 2.4 మి.మీ. గుండు సెకనుకు 400 మీటర్ల వేగంతో బయటపడిందనుకోండి. గాలి నిరోధాన్ని లెక్కగడితే మీటరు దూరానికి దాదాపు 12 మీటర్ల వేగం కోల్పోతుంది. కొలిచే పరికరాన్ని కాస్త జరిపితే చాలు, అంకె మారిపోతుంది.

గొట్టం మూతి దగ్గరే కొలవొచ్చు కదా? అక్కడ మంట, పొగ, పేలుడు వాయువులు పరికరాన్ని తికమకపెడతాయి. అందుకే కొంచెం దూరంలో రెండు తెరలు పెట్టి, ఒకదాని నుంచి రెండోదానికి పట్టిన కాలం చూస్తారు. ఎంత దూరంలో అన్నదగ్గరే దారులు చీలాయి. 1926లో ఏర్పడిన అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల సంఘం సామీ 3 అడుగుల దగ్గర, అంటే 0.91 మీటరు దగ్గర కొలవమంటుంది. యూరప్‌లో చెల్లే సీఐపీ ప్రమాణం 2.5 మీటర్లంటుంది. పై లెక్క ప్రకారం ఒకే తూటాకు ఈ రెండుచోట్లా సెకనుకు 15–20 మీటర్ల తేడా రావాలి. ఉక్కు గుళ్లయితే తేలిక కాబట్టి తేడా ఇంకా పెరుగుతుంది.

బ్రిటిష్‌వాళ్ల పాత పద్ధతి మరొకటి: 20 గజాల దూరం మీద సగటు. వేట తూటాలకు వాళ్లు రాసుకునే సెకనుకు 1,070 అడుగులు మన లెక్కలో 326 మీటర్లు. నీరసంగా కనిపిస్తుంది గానీ, అదే తూటా మూతి దగ్గర 400కు అటూఇటూ ఉంటుంది. కొన్ని కంపెనీలు వెనక్కి లెక్కగట్టి మూతి వేగమే వేస్తాయి. పెద్ద అంకె కొనేవాడికి నచ్చుతుంది మరి!

పరీక్షించే గొట్టాలూ ఒకటి కావు. 12 బోర్‌కు సామీ గొట్టం 30 అంగుళాలు, అంటే 762 మి.మీ.; సీఐపీది 700. పైగా గుళ్లు గుంపుగా సాగిపోతూ ఉంటాయి. కొలిచే పరికరాల్లో కాంతి తెర అయితే అందరికంటే ముందొచ్చే గుండు నీడకే స్పందిస్తే, తీగచుట్ట గుంపంతా దాటినప్పుడు అయస్కాంత క్షేత్రంలో వచ్చే కదలికను పట్టుకుంటుంది. సామీ ప్రకటిత వేగానికి అటూఇటూ 90 అడుగుల సడలింపు కూడా ఇస్తుంది. అంటే 27 మీటర్లు! రెండు ప్రమాణాల దూరాల వల్ల వచ్చే తేడా కంటే ఇదే ఎక్కువ. పక్కపక్క పెట్టెల మీద 5 మీటర్ల తేడా చూసి బేరాలాడేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇక మన ఎండల సంగతి. రెంటచింతలలో 45 డిగ్రీలున్నప్పుడు గాలి, 15 డిగ్రీల యూరప్ గాలికంటే దాదాపు పదోవంతు పలచన. గుళ్లకు అడ్డు ఆ మేరకు తగ్గుతుంది. తూటాలో మందు కూడా వేడెక్కి చురుగ్గా మండుతుంది కాబట్టి వేగంతోపాటు గొట్టంలో ఒత్తిడీ పెరుగుతుంది. తూటాల పెట్టెను ఎండలో నిలిపిన కారు డిక్కీలో వదిలేయకూడదనేది అందుకే.