మీసాల చేపకి జబ్బు చేస్తే ముందు నీళ్లు చూడండి

అక్వేరియం షాపుకెళ్లి "చేప బాగోలేదండీ, అడుగునే పడి ఉంటోంది" అంటే, షాపతను ఇంకో ప్రశ్న అడక్కుండానే చేతిలో ఒక చిన్న సీసా పెడతాడు. నీలం రంగుదో, ఆకుపచ్చ రంగుదో. రోజుకి ఇన్ని చుక్కలు వెయ్యమంటాడు. ఆ మందు చెడ్డదని కాదు. కానీ వచ్చిన జబ్బేమిటో, నీళ్లెలా ఉన్నాయో, ట్యాంకులో అసలు ఎన్ని లీటర్లున్నాయో తెలియకుండా వేసిన మందుతో చేప బతికితే అది అదృష్టమే. మీసాల చేపల విషయంలో ఈ మాట మరీ నిజం.

మీసాల చేపలు మనకి కొత్త కాదు. వాలుగ, జెల్ల, మార్పు అన్నీ ఈ వర్గానివే. ఇళ్లలో ట్యాంకుల్లో పెంచేవి మాత్రం ఎక్కువగా బయటి దేశాలవి: దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కోరీడోరాస్‌లు (అందరూ కోరీ అంటారు), అద్దాలకి అతుక్కుని తిరిగే సక్కర్లు, 'షార్క్' అని అమ్మే పంగాసియస్ పిల్లలు. ఈ పంగాసియస్ కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల్లో తిండి కోసం పెంచే చేపే, మీటరు దాటి పెరుగుతుంది. దాన్ని రెండడుగుల ట్యాంకులో పెట్టి, బెదిరినప్పుడల్లా అద్దానికి గుద్దుకుని మూతి పుండు చేసుకుంటుంటే మందు వెతకడం అనవసరం. దానికి కావలసింది చోటు. అందుకే ఇక్కడ ఎక్కువగా కోరీల గురించే చెప్తాను. ఇంట్లో పెంచడానికి నిజంగా సరిపోయే మీసాల చేపలు అవే.

కోరీకి ఒంట్లో బాగోలేదని కనిపెట్టడమే ఒక పని. పగలు ఒక మూల కదలకుండా కూర్చోవడం దానికి మామూలే. కాబట్టి మొదట దాని మీసాలు చూడండి. వాటి నిండా రుచి తెలిసే కణాలుంటాయి, ఇసుకలో మూతి పెట్టి తిండి వెతికేది వాటితోనే. ఆరోగ్యంగా ఉన్న చేపకి మీసాలు కొస దాకా సన్నగా సాగి ఉంటాయి. అడుగున మురికి పేరుకుపోయిన ట్యాంకులో అవి కొసల నుంచి అరిగిపోతూ, చివరికి ఎర్రబారిన మొండి ముక్కలు మిగులుతాయి. గరుకు రాళ్ల వల్లే అరుగుతాయని చాలామంది అంటారు. నా లెక్కలో రాళ్ల కంటే వాటి సందుల్లో కుళ్లుతున్న తిండీ, అందులో పెరిగే బాక్టీరియా పెద్ద కారణం.

తర్వాత ఊపిరి. కోరీ అప్పుడప్పుడు ఒక్క ఉదుటున పైకొచ్చి గాలి మింగి కిందికి పోతుంది. కొత్తగా పెంచేవాళ్లు అది చూసి టెన్షన్ పడతారు గానీ, అది జబ్బు కాదు. మింగిన గాలిలోని ఆక్సిజన్‌ని దాని పేగు చివరి భాగం పీల్చుకుంటుంది. నీళ్లలో ఆక్సిజన్ తక్కువైన వాగుల్లో బతకడానికి వచ్చిన ఏర్పాటు అది. అయితే ఎప్పుడో ఒకసారి చేసే ఆ పని నిమిషానికోసారి చేస్తుంటే, మొప్పలు గబగబా కొట్టుకుంటుంటే మాత్రం నీళ్లలో ఏదో తేడా వచ్చింది, లేదా మొప్పలే దెబ్బతిన్నాయి. ఒక మొప్పే కదిలి రెండోది మూసుకుని ఉన్నా అనుమానించాల్సిందే.

ఇవేవీ జబ్బు పేరు చెప్పవు. అందుకే మందు సీసా కంటే ముందు నీళ్ల టెస్ట్ కిట్ తియ్యాలి. అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, 7 కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) ఈ మూడు చూస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి.

చేప వదిలే అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం అయాన్‌గా ఉన్నప్పుడు చేపకి పెద్దగా హాని లేదు. విడి అమ్మోనియాగా ఉన్నప్పుడు అది నేరుగా మొప్పల్లోంచి ఒంట్లోకి పోతుంది. ఏది ఎంత ఉంటుందన్నది ముఖ్యంగా పీహెచ్‌ని బట్టి ఉంటుంది. నీళ్లు 25 డిగ్రీలున్నప్పుడు, పీహెచ్ 7 దగ్గర మొత్తంలో విషరూపంలో ఉండేది అర శాతం పైచిలుకు. పీహెచ్ 8 దగ్గర అయిదు శాతం దాటుతుంది. అంటే టెస్ట్ కిట్ ఒకే అంకె చూపించినా, విషం మాత్రం పది రెట్లు.

బోరు నీళ్లు వాడే మన ఇళ్లలో ఇది తప్పకుండా గుర్తుంచుకోవాలి. చాలాకాలం మార్చని ట్యాంకు నీళ్లు మెల్లగా ఆమ్లంగా మారతాయి. అందులో ఎంత అమ్మోనియా పోగైనా ఎక్కువ భాగం అమ్మోనియం రూపంలోనే ఉంటుంది కాబట్టి చేప ఎలాగో నెట్టుకొస్తుంది. చేప నీరసంగా ఉందని ఒకేసారి ముప్పావు వంతు నీళ్లు తీసేసి క్షారగుణమున్న బోరు నీళ్లు పోశామనుకోండి. పీహెచ్ పైకి లేస్తుంది, మిగిలిన అమ్మోనియం కొంత విడి అమ్మోనియాగా మారుతుంది. నీళ్లు శుభ్రంగా కనిపిస్తుండగానే సాయంత్రానికి చేప పోతుంది. రోజుకి పావు వంతు చొప్పున కొన్ని రోజులు మార్చడం మేలు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపాలి, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కాకుండా ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి. ఆ స్పాంజిలో కాపురముంటున్న బాక్టీరియానే అమ్మోనియాని నైట్రైట్‌గా, నైట్రైట్‌ని అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. దాన్ని క్లోరిన్‌తో చంపుకుంటే కథ మళ్లీ మొదటికొస్తుంది.

నైట్రైట్ చేసే పని ఇంకో రకం. అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ని మెథమోగ్లోబిన్‌గా మార్చేస్తుంది. అది ఆక్సిజన్‌ని మోయలేదు. నీళ్లలో ఎంత ఆక్సిజన్ ఉన్నా చేపకి ఊపిరాడదు, రక్తం గోధుమ రంగుకి తిరుగుతుంది. అమెరికాలో మిసిసిపీ ప్రాంతంలో చానల్ క్యాట్‌ఫిష్ అనే మీసాల చేపని పెంచే రైతులకి ఇది పాత శత్రువు. వాళ్లు చెరువుల్లో ముందుగానే ఉప్పు కలుపుతారు. కారణం తేలికే: ఉప్పులోని క్లోరైడ్, ఈ నైట్రైట్ రెండూ మొప్పల్లో ఒకే దారిన లోపలికి పోతాయి. క్లోరైడ్ దండిగా ఉంటే నైట్రైట్‌కి దారి దొరకదు. చెరువులో పనిచేసిన సూత్రమే ట్యాంకులోనూ పనిచేస్తుంది, నైట్రైట్ కనిపించిన రోజు చిటికెడు ఉప్పు కూడా ఉపకారమే.

షాపులో ఇచ్చే నీలం సీసాలో సాధారణంగా ఉండేది మిథిలీన్ బ్లూ. ఈ రంగుని జర్మనీలో 1876లో తయారుచేశారు. మనుషులకి మెథమోగ్లోబిన్ పెరిగినప్పుడు డాక్టర్లు ఇప్పటికీ సూది ద్వారా ఇచ్చే మందు ఇదే. చేప గుడ్లకి బూజు పట్టకుండా కాపాడటంలో దీనికి మంచి పేరుంది. కానీ దీన్ని ప్రధాన ట్యాంకులో పోస్తే స్పాంజిలోని మేలు బాక్టీరియాని దెబ్బతీస్తుంది. వేరే టబ్బులో వాడాల్సిన మందు ఇది.

అదే 1876లో ఫ్రాన్స్‌లో ఫూకే అనే శాస్త్రవేత్త చేపల చర్మం మీద బతికే ఒక ఏకకణజీవికి పేరు పెట్టాడు: ఇక్తియోఫ్థిరియస్ మల్టీఫిలిస్. చేపలు పెంచేవాళ్లు ముద్దుగా 'ఇక్' అనేది దీన్నే. చేప ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు వస్తాయి. రొయ్యల రైతులు భయపడే వైట్ స్పాట్‌తో దీనికి ఏ సంబంధమూ లేదు, అది వైరస్. హైదరాబాద్‌లో డిసెంబర్, జనవరి రాత్రుల్లో హీటర్ లేని ట్యాంకు చల్లబడినప్పుడో, కొత్త చేపని తెచ్చి నేరుగా పాత చేపల్లో వదిలినప్పుడో ఇది తరచుగా కనిపిస్తుంది.

దీన్ని నయం చెయ్యాలంటే దీని బతుకు తీరు తెలియాలి. మనకి కనిపించే తెల్ల చుక్క చర్మం పైపొర కింద దూరి, చుట్టూ గుండ్రంగా తిరుగుతూ చేప కణాల్ని తింటున్న పరాన్నజీవి. అక్కడున్నంతసేపూ నీళ్లలో వేసిన ఏ మామూలు మందూ దాన్ని తాకదు. మిల్లీమీటరు దాకా పెరిగాక అది చర్మం చీల్చుకుని బయటపడి, అడుగున రాళ్లకో ఆకులకో అంటుకుని చుట్టూ గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లో ఒకటి రెండై, రెండు నాలుగై, వెచ్చటి నీళ్లలో ఒక్క రోజులోనే కొన్ని వందల పిల్లలవుతుంది, ఒక్కోసారి వెయ్యి దాకా. అవి ఈదుకుంటూ చేప కోసం వెతుకుతాయి. ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చస్తాయి. మందుకి చిక్కేది ఈ ఈదే దశలోనే.

మందు వేసిన మర్నాడు చుక్కలు తగ్గలేదని మోతాదు పెంచితే దెబ్బ తగిలేది చేపకే. చుక్కలు మూడో రోజున మాయమయ్యాయని మందు ఆపేస్తే, అవి చచ్చిపోలేదు, అడుగున గూళ్లలో ఉన్నాయి. వారానికల్లా వందల సంఖ్యలో తిరిగొస్తాయి. పెంచాల్సింది రోజుల్ని గానీ మోతాదుని కాదు. నీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఈ చక్రమంతా దాదాపు వారంలో తిరుగుతుంది, చల్లటి నీళ్లలో వారాలు పడుతుంది. కాబట్టి చివరి చుక్క పోయాక కూడా ఇంకో వారం చికిత్స సాగాలి.

వేడి పెట్టడం అందుకే పనిచేస్తుంది. చక్రం త్వరగా తిరిగి పరాన్నజీవి త్వరగా బయటపడుతుంది, 30 డిగ్రీలకి చేరితే చాలావరకు పిల్లలు చెయ్యలేదు. కానీ అన్ని కోరీలూ ఆ వేడిని తట్టుకోవు. షాపుల్లో బాగా దొరికే మచ్చల కోరీ, అంటే పెప్పర్డ్ కోరీ, అర్జెంటీనా, ఉరుగ్వే వైపు చల్లటి నీళ్లది. బీగిల్ ఓడ ప్రయాణంలో చార్లెస్ డార్విన్ సేకరించి తెచ్చిన చేపల్లో ఇదీ ఒకటి, 1842లో దాన్ని శాస్త్రీయంగా వర్ణించారు. దానికి 22, 24 డిగ్రీలు హాయి. స్టెర్బా కోరీ అయితే 28 డిగ్రీల్లోనూ కులాసాగా ఉంటుంది. వేడి పెంచితే నీళ్లలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకి 8.2 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే పట్టుకుంటాయి. మొప్పల్లోనూ ఇక్ ఉన్న చేపకి ఆ తేడా చిన్నది కాదు. ఎయిర్ పంపు లేకుండా హీటర్ పెంచకండి.

పెప్పర్డ్ కోరీకి నేనైతే వేడి కంటే ఉప్పునే నమ్ముతాను. మీసాల చేపలకి ఉప్పు అసలు పనికిరాదని గట్టిగా చెప్పేవాళ్లున్నారు. లీటరుకి ఒక గ్రాముతో మొదలుపెట్టి మెల్లగా రెండు గ్రాముల దాకా తీసుకెళ్తే కోరీలు తట్టుకుంటాయి. తట్టుకోలేనిది ఒక్కసారిగా గుమ్మరించడాన్ని. ఇక్కడే లెక్క ముఖ్యం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న ట్యాంకు పైకి 56 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉండే నీళ్లు 45 లీటర్లకి మించవు. 45 గ్రాముల కల్లుప్పుని వేరే గిన్నెలో పూర్తిగా కరిగించి, రోజంతా మూడు నాలుగు విడతలుగా పోయాలి. చేప బాగానే ఉంటే మర్నాడు మరో 45. ఆవిరైన నీళ్ల బదులు పోసేటప్పుడు ఉప్పు కలపక్కర్లేదు, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. నీళ్లు తీసి మార్చినప్పుడు మాత్రం తీసినన్ని లీటర్లకే మళ్లీ కలపాలి. కొన్ని మొక్కలు దీనికి వాడిపోతాయి, ముందే తీసి పెట్టుకోండి.

ఆకుపచ్చ సీసాల్లో ఉండే మలకైట్ గ్రీన్ ఇక్ మీద బాగా పనిచేస్తుంది. అయితే మీసాల చేపలకి సగం మోతాదే వాడమని చాలా సీసాల మీద రాసే ఉంటుంది, ఆ చిన్న అక్షరాలు చదవండి. తినే చేపలకి దీన్ని వాడటం నిషేధం. చేతులకి గ్లవ్స్ వేసుకుని, పిల్లలకి అందకుండా ఉంచాల్సిన మందు ఇది.

తెల్లగా కనిపించేదంతా ఇక్ కాదు. చుక్కలు విడివిడిగా, గుండ్రంగా, కొంచెం ఉబ్బెత్తుగా ఉంటే ఇక్. మూతి చుట్టూ గానీ, వీపు రెక్క దగ్గర గానీ బూడిద రంగు పొర పరుచుకుని, అంచులు వ్యాపిస్తుంటే అది కాలమ్నారిస్ కావచ్చు. బూజులా కనిపించినా అది బాక్టీరియా. వెచ్చటి నీళ్లలో అది మరీ చెలరేగుతుంది, ఒకటి రెండు రోజుల్లో చేపని తీసుకుపోగలదు. దీన్ని ఇక్ అనుకుని హీటర్ పెంచితే మన చేత్తో మనమే దాని చావుని తొందరపెట్టినట్టవుతుంది. మంచి ఫోన్‌తో దగ్గరగా ఫొటో తీసి, పెద్దది చేసి చూసి, అప్పుడు నిర్ణయించుకోండి. దీనికి యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు గానీ, మనుషుల క్యాప్సూల్ విప్పి ట్యాంకులో పోయడం సరైన పద్ధతి కాదు: మోతాదు తెలియదు, ఫిల్టర్ పాడవుతుంది, మందుకి లొంగని మొండి బాక్టీరియా తయారవుతుంది. ముత్తుకూరు, పెబ్బేరుల్లో మత్స్య కళాశాలలున్నాయి, అలాంటిచోట్ల చేపల జబ్బులు చదువుకున్నవాళ్లని అడగడం నయం.

సక్కర్ల గురించి ఒక్క మాట. అద్దం మీద పాచి తిని బతికేస్తుందని దీన్ని అమ్ముతారు. శుభ్రంగా ఉన్న ట్యాంకులో దానికి తిండే ఉండదు. కళ్లు లోపలికి పోయి, పొట్ట కింద గుంట పడితే అది చాలాసార్లు జబ్బు కాదు, ఆకలి. రాత్రి దీపం ఆర్పాక కీరదోస ముక్క, ఉడికించిన బీన్స్, అడుగుకి దిగే బిళ్లలు పెట్టి చూడండి. కోరీకి అయినా అంతే, మిగతా చేపలు తినగా మిగిలింది దానికి చాలదు.

బాగుపడని చేపని, పెద్దదై ట్యాంకులో పట్టని సక్కర్‌ని చెరువులోనో కాలువలోనో వదలడం మాత్రం ఎంత జాలితో చేసినా తప్పే. ఇక్ దాంతోపాటే పోతుంది. కృష్ణా, గోదావరి నీళ్లలో ఇప్పుడు జాలర్ల వలలు చించుతున్న దెయ్యం చేప ఈ సక్కరే, ట్యాంకుల నుంచి చేరిందే. పెద్దదైన చేపని తీసుకునే షాపునో, పెద్ద ట్యాంకున్న మనిషినో వెతకండి. చచ్చిపోయిన చేపని మట్టిలో లోతుగా పాతిపెట్టండి, ఆ ట్యాంకులో వాడిన వలని బాగా ఎండబెట్టాకే వేరే ట్యాంకులో ముంచండి.