విమానాలకు బాంబు బెదిరింపులు: ఏది మాట్లాడొచ్చు, ఏది కూడదు

విమానాశ్రయ భద్రతా సిబ్బందికి శిక్షణ ఇవ్వడం నా పని. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరో ఒకరు పక్కన చేరి, "ఇంత చెకింగ్ చేస్తారు గదా, ఫలానా రకంగా తెస్తే పట్టుకోగలరా?" అని అడుగుతారు. దానికి జవాబివ్వను. అలాగని భద్రత సంగతులన్నీ రహస్యమనీ అనుకోను.

అపోహ: లోపాల గురించి బయట మాట్లాడితే ఉగ్రవాదులకు సాయం చేసినట్టే.

వాస్తవం: 1985 జూన్ 23న కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా విమానం 'కనిష్క' ఐర్లండ్ తీరానికి దగ్గర్లో గాల్లోనే పేలిపోయింది. 329 మంది చనిపోయారు. బాంబు ఉన్న సూట్‌కేసు వాంకూవర్‌లో చెకిన్ అయింది. దాన్ని అప్పగించిన మనిషి మాత్రం విమానం ఎక్కలేదు. ముందే హెచ్చరికలు ఉన్నాయి. టొరంటోలో బ్యాగులు చూసే ఎక్స్‌రే యంత్రం ఆ రోజే చెడిపోయింది. వీటన్నిటినీ కెనడా ప్రభుత్వం వేసిన జస్టిస్ జాన్ మేజర్ కమిషన్ వరసపెట్టి చెప్పింది 2010లో, అంటే పాతికేళ్ళకు! బాధిత కుటుంబాలు అన్నేళ్ళూ అడుగుతూనే ఉన్నాయి కాబట్టి ఆ మాత్రమైనా బయటికొచ్చింది. నా ఉద్దేశంలో మౌనం వల్ల ప్రయాణికుల కన్నా అధికారులకే ఎక్కువ రక్షణ. ఇప్పుడు ఎవరో ఒకరు రాలేదని వాళ్ళ బ్యాగు వెతికి దించుతూ మీ విమానం ఆలస్యం చేస్తే విసుక్కోకండి, అది కనిష్క నేర్పిన పాఠమే.

అపోహ: అయితే అన్నీ చెప్పేయొచ్చు.

వాస్తవం: 2015లో అమెరికా విమానాశ్రయాల్లో భద్రతను పరీక్షించడానికి మారువేషంలో వెళ్ళిన తనిఖీదారులు 70 సార్లు ప్రయత్నిస్తే 67 సార్లు నకిలీ ఆయుధాలు, బాంబులతో లోపలికి వెళ్ళిపోగలిగారు. ఆ అంకె బయటికి పొక్కింది, అక్కడి విమానాశ్రయ భద్రత చూసే సంస్థ అధిపతిని ఆ పదవి నుంచి తప్పించారు. జనానికి కావాల్సింది ఆ అంకె. ఏది ఎక్కడ దాచారన్న సంగతితో మనకేం పని? దానికి ముందు ఏడాది అక్కడే ఒక పత్రిక, ప్రయాణికుల బ్యాగుల తాళాలు తీసే మాస్టర్ కీల ఫొటో వేసింది. తర్వాత ఆ ఫొటో ఆధారంగా కొందరు త్రీడీ ప్రింటర్‌లో తాళంచెవులు చేసి చూపించారు. ఫొటో లేకపోయినా ఆ వ్యాసానికి వచ్చే నష్టమేమీ లేదు.

నేను చూసేది ఒక్కటే: ఈ సంగతి తెలిస్తే ప్రయాణికుడో, ఎంపీయో నిలదీయడానికి పనికొస్తుందా, లేక దాడి చేసేవాడికి మాత్రమే పనికొస్తుందా? రెండోదైతే సరిదిద్దగలిగిన వాళ్ళ చెవిన వేయాలి. వాళ్ళు పట్టించుకోకపోతే ఆ నిర్లక్ష్యం గురించి రాయొచ్చు, పద్ధతి గురించి కాదు.

అపోహ: బెదిరింపు వస్తే విమానం వెంటనే దించాల్సిందే.

వాస్తవం: మన దేశంలో దీనికి ఒక కమిటీ ఉంటుంది. ఆ బెదిరింపు 'స్పెసిఫిక్' (అంటే నిర్దిష్టమైనది, పట్టించుకోదగ్గది) అవునా కాదా అని తేలుస్తుంది, ఏం చేయాలన్నది దాన్నిబట్టే. 2024 అక్టోబరులో సోషల్ మీడియాలో వరసగా ఉత్తుత్తి బెదిరింపులు వచ్చినప్పుడు ఢిల్లీ నుంచి షికాగో వెళ్ళే విమానం ఉత్తర కెనడాలోని ఇకాలుయిట్‌లో దిగింది. ప్రయాణికులను అక్కడి వైమానిక దళ విమానం గమ్యం చేర్చింది. ఆ నెలలోనే బెదిరింపు ఎంత నిజమో అంచనా వేసే పద్ధతి కూడా మార్చారు. బెదిరించినవాడి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి ఫ్లైట్ నంబర్లతో సహా తిప్పడం నాకు అస్సలు నచ్చదు. వాడికి కావాల్సింది ఆ టెన్షనే.

అపోహ: పేరో, గడ్డమో చూస్తే తెలిసిపోతుంది.

వాస్తవం: 1986 ఏప్రిల్‌లో లండన్ హీత్రూలో ఇజ్రాయెల్ సంస్థ ఎల్ ఆల్ విమానం ఎక్కబోతున్న ఒక ఐరిష్ గర్భిణి బ్యాగులో బాంబు దొరికింది. పెట్టింది ఆమెను పెళ్ళి చేసుకుంటానన్న మనిషి. ఆమెకు ఏమీ తెలియదు. పట్టించింది ఆమె రూపం కాదు, సిబ్బంది ఓపిగ్గా వేసిన ప్రశ్నలు. "బ్యాగు మీరే సర్దుకున్నారా? ఎవరైనా ఏమైనా ఇచ్చారా?" అని అడగడం మొక్కుబడి కాదు. అమెరికా వెళ్తుంటే పక్కింటి పిన్నిగారు "మా అబ్బాయికి ఇచ్చెయ్ నాన్నా" అని టేపు చుట్టిన ప్యాకెట్ తెస్తారు గదా, మొహమాటం లేకుండా ఆమె ముందే విప్పి చూసి, మీ చేత్తో మళ్ళీ సర్దుకోండి.