చివరి మడిదాకా కరెంటు

తెనాలి

చిరంజీవులు సాయికి, హాసినికి తాతయ్య ఆశీస్సులు.

మీ ఉత్తరం అందింది. బొమ్మ రైలింజను, కరెంటిచ్చి వేగం మార్చే కంట్రోలర్ పెట్టె దగ్గర బాగానే ఉరుకుతోందనీ, బల్ల అవతలి వైపు వెళ్లేసరికి నీరసపడి ఎదురు మలుపులో ఆగినంత పని చేస్తోందనీ రాశారు. తెలిసిన ముగ్గురు పెద్దవాళ్లని అడిగితే మూడు మాటలు చెప్పారట. ఒకాయన పట్టాలు తుడవమన్నారు, ఒకాయన మోటారు పోయిందన్నారు, మూడో ఆయన ఏకంగా డిజిటల్ కంట్రోల్ కొనుక్కోమన్నారు. "వీళ్లలో నిజంగా తెలిసినవాళ్లెవరు తాతయ్యా?" అని హాసిని అడిగింది.

ముగ్గురికీ తెలుసమ్మా. మీరే వాళ్లకి ఏమీ చెప్పలేదు. "రైలు సరిగ్గా నడవట్లేదు" అని ఊరుకుంటే, అనుభవం ఉన్నవాడికి తనకి కిందటిసారి వచ్చిన తంటాయే ముందు గుర్తొస్తుంది. అదే చెబుతాడు. ఈసారి పట్టాల మీద కొలిచిన 22 అంకెలు రాసుకున్న కాగితం పట్టుకుని వెళ్లండి. అప్పుడు ముగ్గురూ దాదాపు ఒకే మాట చెబుతారు, చూడండి.

ఆ 22 ఎక్కడిదంటే, మీ బల్ల 8 అడుగులకి 4 అడుగుల ప్లైవుడ్ కదా. మీరు పంపిన ఫోటోలో లెక్కపెట్టాను. 18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న వంకర ముక్కలు 12, 9 అంగుళాల తిన్నని ముక్కలు 10. మొత్తం 22 ముక్కలు, 22 అతుకులు. అతుకుకి రెండు పట్టాలు కాబట్టి 44 రైల్ జాయినర్లు, అంటే పట్టాల కొసలని కలిపే చిన్న లోహపు తొడుగులు. చుట్టుకొలత 17 అడుగులకి కొంచెం తక్కువ. కరెంటు ఎక్కించే తీగలు మాత్రం ఒక్క జతే, అది కూడా ఒక మూల ముక్కకి.

ఇప్పుడు మన కృష్ణా కాలువ దగ్గరికి రండి. బ్యారేజి దగ్గర నీళ్లు నిండుగా ఉంటాయి. అక్కడినుంచి పెద్ద కాలువ, పిల్ల కాలువ, పంట బోదె, ఆ తరవాత మడి. దారిలో ఒక తూము పూడితే కొంచెం తగ్గుతుంది, ఒక చోట గుర్రపుడెక్క అడ్డుపడితే ఇంకొంచెం తగ్గుతుంది. నిజాంపట్నం వైపు చివరి భూములకి చేరేసరికి బోదెలో కాళ్లు తడిసేపాటి నీళ్లు. ఇంజను మోటారు ఆ చివరి మడి. జాయినర్లు తూములు. ఒక్కో జాయినర్ మింగేది బహు స్వల్పం, కానీ వరసగా పదకొండు అతుకులు దాటి రావాలి.

పట్టా కూడా గొప్ప కాలువ కాదు. మంచి రకం పట్టాలు నికెల్ సిల్వర్‌తో చేస్తారు. పేరులో సిల్వర్ ఉన్నా వెండి ఉండదు; రాగి, నికెల్, జింకు కలిపిన లోహం. పెళ్లిళ్లలో పంచే జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణెలు ఉంటాయే, ఆ జాతే. త్వరగా పాడవదు, తీగలు అతికే సోల్డరు (కరిగించి పూసే లోహం) బాగా అంటుకుంటుంది, కానీ కరెంటుని రాగికంటే పది రెట్లకు పైగా అడ్డుకుంటుంది. మీ పట్టాకి ఫ్రిజ్ అయస్కాంతం ఒకటి తగిలించి చూడండి. అంటుకుంటే అవి ఇనుప పట్టాలు. వాటికి తుప్పు పడుతుంది, సోల్డరు మొరాయిస్తుంది. అలాంటప్పుడు ఈ ఉత్తరంలో మిగతాదంతా చేసే శ్రమకంటే నెమ్మదిగా ఒక్కొక్క ముక్కే మార్చుకోవడం మేలు.

కాలువకి తోడు మురుగు కాలువ ఉంటుంది కదా. మడిలోకి వచ్చిన నీరు పోవడానికి దారి లేకపోతే పొలం పాడు. రైలుకీ అంతే. ఒక పట్టా మీద కరెంటు వస్తుంది, చక్రాల గుండా మోటారులోకి వెళ్లి, రెండో పట్టా మీద తిరిగి పోతుంది. అందుకే లోపలి పట్టా అతుకు చెడినా, బయటి పట్టా అతుకు చెడినా ఫలితం ఒకటే. అయితే మీరు కంట్రోలర్ మీద మీట అటు తిప్పగానే పంట కాలువ మురుగు కాలువ అవుతుంది, మురుగు కాలువ పంట కాలువ అవుతుంది, ఇంజను వెనక్కి నడుస్తుంది. ఆ పని ఏ లస్కరూ చేయలేడు.

లస్కరంటే మీకు తెలీదు. మా చిన్నప్పుడు కాలువల మీద తలుపులెత్తి దించే మనిషి. నీళ్లు రాలేదని ఎవరొచ్చి గోల పెట్టినా జవాబు చెప్పేవాడు కాదు, ముందు తూము పక్కన గేజి రాయి మీద అంకె చూసేవాడు. మీరు చేయాల్సిందీ అదే.

మల్టీమీటరు మీ నాన్న దగ్గర ఉంది. కానీ వట్టి మీటరు పెట్టి కొలిస్తే మోసపోతారు. ఇంజను లేకుండా పట్టాల మీద మీటరు పెడితే 22 ముక్కల్లోనూ 12 వోల్టులే చూపిస్తుంది, అతుకులన్నీ అధ్వాన్నంగా ఉన్నా సరే. కొత్తగా వచ్చినవాళ్లు అందరూ ఇక్కడే తడబడతారు. "కొలిచాం, అంతా బాగానే ఉంది" అంటారు. తలుపులు మూసి నీళ్లు నిలవగడితే కాలువ పొడుగునా మట్టం ఒక్కటే. నీళ్లు పారుతున్నప్పుడే ఎక్కడ తగ్గిందో తెలుస్తుంది. కాబట్టి కరెంటు పారించి కొలవాలి.

అందుకు బైకు విడిభాగాల కొట్లో 12 వోల్టుల, 5 వాట్ల పార్కింగ్ బల్బు ఒకటి కొనండి. అది 0.4 ఆంపియర్ల చొప్పున తాగుతుంది, అంటే ఇంచుమించు మీ ఇంజనంత. దానికి రెండు తీగలు, చివర మొసలి క్లిప్పులు. ఇంజను తీసి పక్కన పెట్టండి. ముక్కలకి 1 నుంచి 22 దాకా కాగితం ముక్కలంటించండి. కంట్రోలర్ పూర్తిగా తెరిచి, బల్బుని మొదటి ముక్క రెండు పట్టాలకీ తగిలించి, మీటరుని 20 వోల్టుల డీసీ దగ్గర పెట్టి, అదే చోట కొలిచి రాసుకోండి. తరవాత రెండో ముక్క. అన్నీ అయ్యేదాకా కంట్రోలర్ ముట్టుకోకూడదు. బల్బు వేడెక్కుతుంది, గాజు పట్టుకోవద్దు.

మొదటి అంకె కంట్రోలర్ మూతి దగ్గరది. అదే 12కి బాగా తక్కువగా ఉంటే కంట్రోలరే చాలట్లేదని అర్థం, పట్టాలని అనకండి. అక్కడ 12 ఉండి, 6వ ముక్కలో 11, 12వ ముక్కలో 9.5 ఇలా మెల్లగా దిగి మళ్లీ మెల్లగా ఎక్కితే అన్ని అతుకులూ తలా కాస్త తింటున్నట్టు. అలా కాకుండా 8లో 11, 9లో ఉన్నట్టుండి 8 అయితే ఆ రెంటి మధ్య అతుకు పూర్తిగా తెగింది. తెగినా రైలు నడుస్తుంది, ఎందుకంటే మీది గుండ్రని దారి. కరెంటు అటు చుట్టు తిరిగి వస్తుంది. ఈ చుట్టుదారే జబ్బుని దాచిపెడుతుంది. అర వోల్టు దాకా తగ్గితే పట్టించుకోకండి. రెండు వోల్టులు పోతే కంటికి కనిపిస్తుంది.

ముందు ఖర్చు లేని వైద్యం. ముక్కలు విడదీసి, వదులైన జాయినర్ల అంచులు సన్న కటింగ్ ప్లేయరుతో కొద్దిగా నొక్కండి. నోరు సాగినవి పారేసి కొత్తవి వేయండి. పట్టా పైభాగం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూలు గుడ్డతో తుడవండి. ఉప్పుకాగితం వద్దు. గీతలు పడతాయి, ఆ గీతల్లో మసి కూరుకుని పది రోజుల్లో మునుపటికంటే ఘోరమవుతుంది. ఇంజను చక్రాలూ తుడవాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. మళ్లీ 22 అంకెలూ రాయండి.

అప్పటికీ తగ్గుతుంటే బల్ల కింద కొత్త కాలువ తవ్వడమే. 1.5 స్క్వేర్ ఎంఎం ఇంటి వైరింగు తీగ, ఎరుపొకటి నలుపొకటి, పట్టాల దారినే బల్ల అడుగున చుట్టూ పరచండి. దీన్ని బస్ అంటారు. దానినుంచి ప్రతి మూడు అడుగులకి ఒక జత సన్న తీగలు, 0.5 స్క్వేర్ ఎంఎం, జానెడు మించకుండా, పట్టాలకి ఎక్కించండి. మీ లూపుకి ఆరు జతలు సరిపోతాయి. ఎరుపెప్పుడూ బయటి పట్టాకి, నలుపెప్పుడూ లోపలి పట్టాకి.

సోల్డరింగ్ నాన్న పక్కన ఉండగానే చేయాలి, కిటికీ తెరిచి. తీగ అతికేది పట్టా బయటి పక్కకి. లోపలి పక్కన చక్రం అంచు నడుస్తుంది, అక్కడ సోల్డరు బొడిపె ఉంటే రైలు ఎగిరి పడుతుంది. ఆ చోటు చిన్న ఆకురాయితో మెరిసేదాకా గీకి, సోల్డరు బాగా పట్టేలా చేసే రోజిన్ ఫ్లక్స్ రాయాలి. పట్టాకి ముందే కొంచెం సోల్డరు పూసి, తీగ కొసకీ పూసి, రెంటినీ కలిపి ఐరన్ రెండు మూడు సెకన్లు ఆనిస్తే చాలు. ఎక్కువసేపు ఉంచితే పట్టాల కింది ప్లాస్టిక్ స్లీపర్లు (అడ్డ దిమ్మెలు) కరిగి పట్టాల మధ్య ఎడం మారుతుంది. అటూ ఇటూ తడి టిష్యూ ముద్దలు పెడితే వేడి పాకదు. అన్ని అతుకులూ సోల్డరు చేయాలనే ఉత్సాహం మాత్రం వద్దు. వానాకాలం ప్లైవుడ్ ఉబ్బుతుంది, వేసవిలో ముడుచుకుంటుంది. కదలడానికి సందు లేకపోతే పట్టా వంగిపోతుంది. అక్కడక్కడా విజిటింగ్ కార్డు మందం ఖాళీ ఉండనివ్వండి.

ఒక్కో జత కలపగానే కంట్రోలర్ తీగలు ఊడదీసి, ఇంజనూ బల్బూ రెండూ తీసేసి, మీటరుని బీప్ దగ్గర పెట్టి రెండు పట్టాలనీ తాకండి. చప్పుడు రాకూడదు. వస్తే ఆఖరున కలిపిన జతలో ఎరుపూ నలుపూ తారుమారయ్యాయి. ఆరు జతలూ కలిపేశాక చూద్దామనుకుంటే ఏది తప్పో వెతకడానికి ఆదివారమంతా పోతుంది. పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి, సోల్డరులో సీసం ఉంటుంది.

ఈ బల్ల కింది పని చిన్నతనమనుకోకండి. అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు 1946లో ఒక మోడల్ రైలు క్లబ్బు పెట్టుకున్నారు. అందులో కొందరికి బల్ల మీది కొండలూ ఇళ్లూ కాదు, అడుగున టెలిఫోన్ ఎక్స్ఛేంజి సామానుతో అల్లిన తీగల మీదే మోజు. ఇవాళ కంప్యూటర్లవాళ్లు 'హ్యాక్' అనే మాటని వాడే తీరు ఆ క్లబ్బులో పెరిగిందే.

సాయి ప్రశ్న మిగిలింది, నీలం పెట్టెలు మలుపులో ఎందుకు పడిపోతున్నాయని. అది పెద్ద చిక్కేం కాదు, భాగహారం. అసలు ఐసీఎఫ్ (చెన్నై ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) పెట్టె పొడవు 21.3 మీటర్లు. మీది హెచ్‌ఓ కొలత, 87వ వంతు. అంటే బొమ్మ పెట్టె 24.5 సెంటీమీటర్లు. మలుపు వ్యాసార్ధం పెట్టె పొడవుకి రెండున్నర రెట్లైనా ఉంటే నమ్మకంగా తిరుగుతుంది, అంటే 61 సెంటీమీటర్లు. మీ మలుపు 45.7. పొట్టి గూడ్సు పెట్టెలు దానిమీద హాయిగా తిరుగుతాయి. అవీ పడుతుంటే బరువు చూడండి. 1935లో పుట్టిన అమెరికా నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ చెప్పిన లెక్క హెచ్‌ఓ పెట్టెకి ఒక ఔన్సు, పైన అంగుళానికి అర ఔన్సు. ఆరంగుళాల పెట్టెకి నాలుగు ఔన్సులు, సుమారు 113 గ్రాములు. వంటింటి కాటాలో తూచి, తక్కువైతే నట్లో వాషర్లో పెట్టె అడుగున, మధ్యలో అంటించండి. పైన అంటిస్తే తల బరువెక్కి ఇంకా పడుతుంది. ఒకరు చేసిన పెట్టె ఇంకొకరి పట్టా మీద నడవాలంటే చక్రాల ఎడం ఎంత, పట్టాల ఎడం ఎంత అని కూర్చుని ఒప్పుకున్నవాళ్లు కూడా వీళ్లే. మీ పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లని 87తో గుణించి చూడండి, 1435.5 వస్తుంది. మీ హైదరాబాద్ మెట్రోది 1435, ఇంచుమించు అంతే. మన పెద్ద రైళ్లది 1676, అంటే మీ నీలం పెట్టె బల్ల మీద కాళ్లు దగ్గరకి ముడుచుకుని నడుస్తోందన్నమాట.

ఈ ఆదివారం నాన్నతో సికింద్రాబాద్ స్టేషనుకి వెళ్లండి. ప్లాట్‌ఫారం మీదే ఉండండి, అంచుకి వెనకాల. రెండు పట్టాలు కలిసేచోట రెంటినీ పట్టి ఉంచే ఇనుప పలక, ఫిష్‌ప్లేటు, దాని బోల్టులుంటాయి. వాటి పక్కనే అతుకుని దాటుతూ ఒక పట్టానుంచి ఇంకో పట్టాకి వంగిన తీగ కనిపిస్తుందేమో వెతకండి. సిగ్నల్ కోసం ఆ పట్టాల్లో కొద్దిపాటి కరెంటు పారుతూ ఉంటుంది. రైలు చక్రాలు రెండు పట్టాలనీ కలపగానే అవతల రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్చి) పడిపోయి ఎర్ర దీపం వెలుగుతుంది. అతుకు చెడినా అంతే, రైలు లేకపోయినా ఎరుపే. పై తీగ 25 వేల వోల్టుల కరెంటు కూడా ఇంజను తాగాక ఆ పట్టాల దారినే తిరిగి పోవాలి. పక్కనున్న స్తంభం మొదట్లోంచి పట్టాకి ఇంకో కట్టు కనిపిస్తుంది, అదీ చూడండి.

ఎన్ని అతుకుల దగ్గర తీగ కనిపించిందో రాయండి. ఎన్నిటి దగ్గర లేదో కూడా. మీ 22 అంకెల కాగితం అదే కవరులో పెట్టండి, రెండుసార్లు కొలిచినవీ.

మీ తాతయ్య