ఖాళీ సంచి ఎందుకు ఖాళీ?

ప్రియమైన పిల్లలకు,

ఊళ్ల పేర్లు ఇస్తే తెలుగు వికీపీడియా నుంచి అక్షాంశ రేఖాంశాలు తెచ్చి మ్యాపు మీద చుక్కలు పెట్టే యాప్ రాస్తున్నారు కదా. మీ కోడ్‌లో ఏ స్క్రీనుకి ఆ స్క్రీనే యూఆర్ఎల్ కట్టుకుని, వచ్చిన జేసన్‌ని (జవాబు డేటా ఉండే టెక్స్ట్ రూపం) తనే విప్పుకుంటోంది. ఆ పనంతా ఒక్క ఫైలులోకి చేర్చండి. దాన్నే డేటా యాక్సెస్ లేయర్ అంటారు. మిగతా యాప్‌కి తెలియాల్సింది ఒకే ఫంక్షన్: పేర్ల జాబితా ఇస్తే ఊళ్ల వివరాలు తిరిగిస్తుంది. లోపల వికీపీడియా ఉందో, రేపు ఇంకోటి వస్తుందో స్క్రీనుకి అనవసరం.

కొట్టుకి పంపిన పిల్లాడు ఖాళీ సంచితో తిరిగొచ్చాడనుకోండి. సరుకు అయిపోయిందా, కొట్టు కట్టేశారా, వీడు సగం తెచ్చి మిగతాది అక్కడే వదిలేశాడా? మూడూ వేర్వేరు సంగతులు. మీ కోడ్ మూడింటికీ ‘నన్’ (None, అంటే ‘ఏమీ లేదు’) అనే తిరిగిస్తోంది. అసలు తప్పు అక్కడుంది.

మొదట ‘సగం తెచ్చిన’ సంగతి, ఎందుకంటే ఇది చడీచప్పుడు లేకుండా ముంచుతుంది. వికీపీడియాని నడిపే సాఫ్ట్‌వేర్ మీడియావికీ. దాని ఏపీఐకి, అంటే ప్రోగ్రాములు ప్రశ్నలడిగే దారికి, మామూలు వాడుకరి ఒక్కసారికి 50 పేర్ల దాకా ఇవ్వొచ్చు. కానీ ‘కోఆర్డినేట్స్’ (అక్షాంశ రేఖాంశాలు) అడిగితే, ‘కోలిమిట్’ (ఒక విడతలో ఎన్ని కావాలో) చెప్పకపోతే ఒక విడతలో 10 మాత్రమే వస్తాయి. మిగతా 40 ఊళ్లకి ఆ గడి ఉండదు. ఎర్రర్ రాదు, మ్యాపులో చుక్కలు మాత్రం తగ్గుతాయి. జవాబులో ‘కంటిన్యూ’ అనే ముక్క ఉందేమో చూడండి. ఉంటే అందులోని విలువలన్నీ, ఒక్కటీ వదలకుండా, పాత ప్రశ్నకే కలిపి మళ్లీ పంపాలి. అడిగిన పేర్లన్నిటికీ జవాబు పూర్తయిందని చెప్పే ‘బ్యాచ్‌కంప్లీట్’ కనబడేదాకా ఏ ఊరికీ ‘లొకేషన్ లేదు’ అని రాయకూడదు. కోలిమిట్‌ని ‘మ్యాక్స్’ చేస్తే తిరుగుళ్లు తగ్గుతాయి, అయినా లూప్ తీసేయకండి.

‘కొట్టు కట్టేసిన’ సంగతి ఇంకా తమాషా. ఈ ఏపీఐ చాలా తప్పుల్ని స్టేటస్ 200తోనే (‘అంతా సవ్యం’ అనే సంకేతం) పంపుతుంది. తప్పు జేసన్ లోపల ‘ఎర్రర్’ అనే పేరుతో ఉంటుంది. స్టేటస్ ఒక్కటే చూసే కోడ్ అది విజయం అనుకుంటుంది. కాబట్టి ముందు స్టేటస్, తర్వాత ‘ఎర్రర్’, ఆ తర్వాతే డేటా. టైమ్‌ఔట్ 10 సెకన్లు పెట్టండి. 429 (మరీ ఎక్కువగా అడుగుతున్నారు) గానీ 500, ఆ పైవి (సర్వర్ తప్పులు) గానీ వస్తే 1, 2, 4 సెకన్లు ఆగి మూడుసార్లు ప్రయత్నించండి. ‘రిట్రై ఆఫ్టర్’ హెడర్ ఇస్తే అది చెప్పినంతసేపూ ఆగాలి. 400 వస్తే మళ్లీ అడిగి లాభం లేదు, ప్రశ్నే తప్పు. మూడోసారీ కాకపోతే ఎక్సెప్షన్ వేయండి (పని విఫలమైందని కోడ్‌కి గట్టిగా చెప్పడం), ఖాళీ జాబితా ఇవ్వకండి. యూజర్ ఏజెంట్‌లో (ఎవరు అడుగుతున్నారో చెప్పే హెడర్) యాప్ పేరూ, మిమ్మల్ని అందుకునే దారీ రాయండి. అది లేకపోతే వాళ్లు ఆపేసే అవకాశం ఉంది. ప్రశ్నలు ఒకదాని వెనుక ఒకటి పంపండి, ఇరవై ఒకేసారి వద్దు.

ఇక నిజంగా ‘లేదు’. ఫార్మాట్‌వెర్షన్ 2 (జవాబు కొత్త రూపం) అడిగితే లేని పేజీకి ‘మిస్సింగ్’ అని స్పష్టంగా వస్తుంది. అయితే నమ్మే ముందు పేరు సరిగా పంపారా చూసుకోండి. ‘తెనాలి’ కంటికి మూడక్షరాలే. యూనికోడ్‌లో ఆరు గుర్తులు, ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 18. యూఆర్ఎల్‌లో ఒక్కో బైటూ శాతం గుర్తుతో మూడు అక్షరాలై 54 అవుతాయి. ఇలాంటి పొడుగు పేర్లు 50 చేరితే యూఆర్ఎల్ మరీ పొడుగవుతుంది, పోస్ట్ (ప్రశ్నని యూఆర్ఎల్‌లో కాక విడిగా పంపే పద్ధతి) వాడండి. లైబ్రరీ ఎన్‌కోడ్ చేసేదాన్ని (ఇలా శాతం గుర్తులుగా మార్చేదాన్ని) మీరూ చేస్తే శాతం గుర్తు మళ్లీ శాతం 25గా మారి, ఆ పేరుతో పేజీయే ఉండదు.

మన లిపికి ఇంకో చిక్కుంది. కొన్ని కీబోర్డులు ‘కరీంనగర్’ చివర కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) చేరుస్తాయి. చివరిది తుడిచేయండి. మధ్యలోది ముట్టుకోకండి, ‘మహబూబ్‌నగర్’లో అది తీస్తే బకారం కింద నకారం ఒత్తు పడుతుంది.

అడిగిన పేరూ వచ్చిన పేరూ ఒకటి కాకపోవచ్చు. అండర్‌స్కోరుతో అడిగితే ఖాళీతో వస్తుంది. ‘రీడైరెక్ట్స్’ అడిగితే దారిమార్పు ఉన్నచోట అసలు పేజీ పేరే వస్తుంది. ‘నార్మలైజ్డ్’, ‘రీడైరెక్ట్స్’ జాబితాల్లో ఏది ఏదైందో ఉంటుంది. ముందు మొదటిది, తర్వాత రెండోది పట్టుకుని మీరడిగిన పేరుకి జతచేయండి. వరుసక్రమాన్ని నమ్ముకుంటే ఒక ఊరి చుక్క ఇంకో ఊరి మీద పడుతుంది.

క్యాష్‌లోనూ (తెచ్చినదాన్ని మళ్లీ వాడుకోవడానికి దాచేచోటు) ఈ మూడింటికీ మూడు లెక్కలు పెట్టండి. దొరికినది ఒక రోజు, లేనిది ఒక గంట, విఫలమైనది అసలు దాచకూడదు. విఫలాన్ని దాచారో, పది సెకన్ల నెట్ తడబాటు రోజంతా ‘ఊరు లేదు’గా నిలిచిపోతుంది.

టెస్టులకి ప్రతిసారీ సర్వర్‌ని కదపొద్దు. నాలుగు జవాబులు ఫైళ్లలో దాచుకోండి: నిండుది, కంటిన్యూ ఉన్నది, మిస్సింగ్ ఉన్నది, 200తో వచ్చిన ఎర్రర్. ఈ నాలుగూ పాసయ్యాక మీ కోడ్ నాకు మళ్లీ పంపండి. స్క్రీన్ల ఫైళ్లు అక్కర్లేదు, ఈ ఒక్క ఫైలు చాలు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న