కాగితం ఆగితేనే అక్షరం

నిమిషానికి 600 లైన్లు, లైనుకు 132 అక్షరాలు. 1959లో ఐబీఎం సంస్థ 1401 కంప్యూటర్‌తో పాటు తెచ్చిన 1403 ప్రింటర్ వేగం అది. లెక్క వేస్తే ఒక్కో లైనుకు దక్కేది సెకనులో పదో వంతు. ఆ కాస్త సమయంలోనే అక్షరాలన్నీ పడాలి, కాగితం ఒక లైను మేర పైకి జరగాలి, జరిగి కదలకుండా నిలబడాలి. అక్షరాలు పడే వేగం చూసి అందరూ ఆశ్చర్యపోతారు. కాగితం నిలబడటం గురించి ఎవరూ మాట్లాడరు. నన్నడిగితే, ఈ యంత్రాలు తయారుచేసిన ఇంజినీర్లకు ఎక్కువ చెమటలు పట్టించింది ఆ రెండోదే.

ఇంపాక్ట్ ప్రింటర్ అంటే దెబ్బ కొట్టి అచ్చు వేసేది. సిరా రిబ్బన్‌కు ఒకపక్క లోహం, ఇంకోపక్క కాగితం ఉంటాయి. దెబ్బ పడగానే రిబ్బన్‌లోని సిరా కాగితానికి అంటుకుంటుంది. పాత టైప్‌రైటర్ నుంచి కౌంటర్లో రసీదు కొట్టే డాట్ మ్యాట్రిక్స్ దాకా అన్నిటిదీ ఇదే సూత్రం. దెబ్బ పడే క్షణంలో కాగితం కదిలితే అక్షరం చెదురుతుంది. అలాగని తాపీగా జరిపి తాపీగా ఆపితే వేగం పోతుంది. గబగబా కదలాలి, ఠక్కున ఆగాలి.

ముందు అక్షరాల సంగతి చూద్దాం, ఎందుకంటే 1403లో అదీ తక్కువేం కాదు. అందులో అక్షరాలు ఒక గొలుసు మీద ఉంటాయి. 48 గుర్తుల వరస ఐదుసార్లు, అంటే మొత్తం 240 అచ్చులు. ఆ గొలుసు సెకనుకు సుమారు 90 అంగుళాల వేగంతో కాగితం ముందు అడ్డంగా తిరుగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు. కాగితం వెనక 132 సుత్తులు, ఒక్కో స్థానానికి ఒకటి. కావలసిన అక్షరం ఎదురుగా రాగానే ఆ సుత్తి వెనక నుంచి కాగితాన్ని కొడుతుంది.

సుత్తుల మధ్య దూరం అంగుళంలో పదో వంతు. గొలుసు మీది అచ్చుల మధ్య దూరం మాత్రం 0.1505 అంగుళం. చూడటానికి పొరపాటున వచ్చిన అంకెలా ఉన్నా, యంత్రం తెలివంతా ఆ చివరి 5లోనే ఉంది. మూడు సుత్తుల దూరం 0.300, రెండు అచ్చుల దూరం 0.301. అంటే మొదటి సుత్తి ఎదురుగా ఒక అచ్చు సరిగ్గా నిలిచిన క్షణంలో, నాలుగో సుత్తికి ఇంకో అచ్చు అంగుళంలో వెయ్యో వంతు దూరంలో ఉంటుంది. గొలుసు ఆ వెయ్యో వంతు జరిగితే నాలుగోది సరిపోతుంది, ఇంకో వెయ్యో వంతుకు ఏడోది, తర్వాత పదోది. ఇలా 44 సుత్తులు అయ్యాక 2, 5, 8 వంతు, ఆ తర్వాత 3, 6, 9 వంతు. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబులో వెర్నియర్ కాలిపర్స్ పట్టుకున్నవాళ్లకు ఈ కిటుకు తెలిసిందే. ఒక సుత్తికీ మరో సుత్తికీ మధ్య వచ్చే వ్యవధి సుమారు 11 మైక్రోసెకండ్లు. 1401 కంప్యూటర్ మెమరీ నుంచి ఒక్క అక్షరం తీసి చూసుకోవడానికి పట్టే సమయం కూడా దాదాపు అంతే, 11.5 మైక్రోసెకండ్లు. కాబట్టి 132 స్థానాలనూ ఒకేసారి చూసే ఖరీదైన సర్క్యూట్లు అక్కర్లేకపోయింది. ఒక్కో అక్షరాన్నే చూసుకుంటూ పోతే చాలు. ఎలక్ట్రానిక్స్ ఖర్చును గొలుసు మీది దూరాలతో తగ్గించారన్నమాట.

గొలుసు అడ్డంగా ఎందుకు తిరగాలి? అప్పటికే ఉన్న డ్రమ్ము ప్రింటర్లలో అక్షరాలు చెక్కిన స్తూపం నిలువుగా తిరుగుతుంది. సుత్తి రవ్వంత తొందరపడినా, ఆలస్యం చేసినా అక్షరం పైకో కిందికో పడుతుంది. లైనంతా అలలు అలలుగా ఉంటుంది, కంటికి వెంటనే తెలిసిపోతుంది. గొలుసు ప్రింటర్‌లో అదే తప్పు జరిగితే అక్షరం ఎడమకో కుడికో జరుగుతుంది. అక్షరాల మధ్య ఖాళీ ఎలాగూ ఒకే తీరుగా ఉండదు కాబట్టి కన్ను దాన్ని పట్టించుకోదు. తప్పు జరగకుండా ఆపలేనప్పుడు, అది కనబడని దిక్కుకు మళ్లించారు. నాకు ఈ యంత్రంలో అన్నిటికంటే నచ్చే సంగతి ఇదే.

ఇక కాగితం. టైప్‌రైటర్‌లో రబ్బరు రోలర్ కాగితాన్ని రాపిడితో లాగుతుంది. ఒక్క ఉత్తరానికైతే అది చాలు. పగలంతా ఆగకుండా నడిచే యంత్రానికి చాలదు. లైనుకు ఒక్క 0.1 మిల్లీమీటరు జారినా 66 లైన్ల పేజీ పూర్తయ్యేసరికి ఆరున్నర మిల్లీమీటర్లకు పైగా తేడా వస్తుంది. లైనుకూ లైనుకూ మధ్య దూరమే అంగుళంలో ఆరో వంతు, అంటే 4.2 మిల్లీమీటర్లు. ముందే గళ్లు కొట్టిన బిల్లు ఫారం మీద అప్పటికే మొత్తం పడాల్సిన గడి దాటిపోతుంది. పది పేజీలయ్యాక పేరు ఉండాల్సిన చోట తేదీ పడుతుంది.

దీనికి మందు కంప్యూటర్లకంటే చాలా ముందే దొరికింది. అమెరికాలోని డేటన్ ఊళ్లో 1912లో స్టాండర్డ్ రిజిస్టర్ అనే కంపెనీ మొదలైంది. దుకాణాల్లో చేత్తో బిల్లు రాసే పెట్టెలు అప్పట్లో ఉండేవి. కార్బన్ కాపీలతో సహా కాగితం చుట్టలుగా లోపల ఉంటే, పిడి తిప్పగానే కొత్త బిల్లు పైకి వచ్చేది. కాగితాలు ఒకదాని మీద ఒకటి జారి కాపీలు కలవకపోయేవి. థియోడర్ షిర్మర్ అనే ఆయన చేసింది ఏమిటంటే, కాగితం అంచుల్లో వరసగా రంధ్రాలు వేసి, వాటిలో దిగే పిన్నులున్న చక్రంతో లాగించాడు. ఆ కంపెనీ పెట్టింది ఈ ఆలోచన మీదే. పిన్ను రంధ్రంలో దిగాక కాగితం కాస్త వెనకా ముందూ ఊగవచ్చు గానీ, ఆ తేడా తర్వాతి లైనుకు కలవదు. రాపిడితో లాగితే తప్పులు కూడుకుంటూ పోతాయి, పిన్నులతో లాగితే ప్రతి రంధ్రం దగ్గరా లెక్క కొత్తగా మొదలవుతుంది.

మనం చూసిన కంప్యూటర్ పేపర్ అంచుల్లో రంధ్రానికీ రంధ్రానికీ అర అంగుళం. ఆ రంధ్రాల్లో దిగే పిన్నులున్న బెల్టు భాగాన్నే ట్రాక్టర్ అంటారు. దాన్ని ప్లాటెన్‌కు, అంటే దెబ్బ పడేచోట కాగితం వెనక ఉండే రోలర్‌కు, పైన పెడితే కాగితాన్ని లాగుతుంది, కింద పెడితే నెడుతుంది. లాగితే కాగితం బిగువుగా ఉండి అచ్చు బాగా పడుతుంది, కానీ బిల్లు చించాలంటే ప్రతిసారీ ఒక ఖాళీ కాగితం వృథా. నెట్టే పద్ధతిలో ఆ వృథా లేదు, చిక్కల్లా కాగితం మధ్యలో ఉబ్బి ఇరుక్కోవడమే. వానాకాలంలో కాగితం చెమ్మ పీల్చి వెడల్పు పెరుగుతుంది. అందుకే అలవాటున్న ఆపరేటర్ కుడి ట్రాక్టర్‌ను మరీ బిగించి లాక్ చేయడు.

1403లో కాగితాన్ని జరిపేది హైడ్రాలిక్ మోటారు. ఖాళీ జాగా దాటించేటప్పుడు కొన్ని మోడళ్లలో సెకనుకు 75 అంగుళాల వేగం, అంటే మీటరున్నర కంటే ఎక్కువే. ఆ వేగంలో వెళ్లి సరిగ్గా ఫలానా లైను దగ్గర ఆగాలి. ఎక్కడ ఆగాలో చెప్పేది ఒక చిన్న కాగితపు రీలు. ఫారం ఎంత పొడవుంటే దానికి సరిపడా పొడవున్న ఆ టేపు రెండు కొసలనూ అతికించి వలయంలా చేస్తారు. దాని మీద 12 నిలువు దారులు. మొదటి దారిలో రంధ్రం కొడితే అది పేజీ మొదలు, పన్నెండో దారిలోది పేజీ అడుగు. కాగితంతో పాటే టేపూ తిరుగుతుంది, రంధ్రం మీదికి లోహపు బ్రష్ రాగానే కరెంటు పారి బ్రేకు పడుతుంది. కంప్యూటర్ ‘నాలుగో దారిలో రంధ్రం వచ్చేదాకా జరుపు’ అని చెప్పినప్పుడు నాలుగో దారిలో రంధ్రమే లేకపోతే? ప్రింటర్ ఆగదు. ఎవరైనా పరిగెత్తుకొచ్చి మీట నొక్కేదాకా కాగితం ఎగజిమ్ముతూనే ఉంటుంది.

ఈ టేపు పోయినా దాని అలవాట్లు పోలేదు. ఫోర్ట్రాన్ భాషలో ప్రోగ్రాములు రాసినవాళ్లకు లైను మొదటి గడిలో 1 ఉంటే కొత్త పేజీ, 0 ఉంటే ఒక లైను వదలడం, + ఉంటే అదే లైను మీద మళ్లీ కొట్టడం అని గుర్తుండే ఉంటుంది. జవాబు 1తో మొదలైన ప్రతిసారీ ఆ 1 మాయమై, మిగతా అంకెలు కొత్త పేజీలో తేలిన విద్యార్థులకైతే ఇంకా బాగా గుర్తుంటుంది.

డాట్ మ్యాట్రిక్స్ వచ్చాక అచ్చుల గొలుసు అక్కర్లేకపోయింది. సన్నటి తీగ ముక్కలే పిన్నులు, వాటి చుక్కలతోనే అక్షరం. అమెరికన్ కంపెనీ సెంట్రానిక్స్ 1970లో తెచ్చిన 101 మోడల్ సెకనుకు 165 అక్షరాలు కొట్టేది. ఒక్కో అక్షరానికి అడ్డంగా ఐదు వరసలు, మధ్య ఖాళీకి ఒకటి అనుకుంటే, సెకనుకు దాదాపు వెయ్యిసార్లు పిన్నులకు ఆజ్ఞలు వెళ్లాలి. విద్యుదయస్కాంతం పిన్నును కాగితం దాకా తోసుకెళ్తే అంత వేగం రాదు. అందుకే పిన్ను గమ్యం చేరకముందే కరెంటు తీసేస్తారు. క్యారమ్స్‌లో వేలు స్ట్రైకర్‌ను విడిచిపెట్టాక అది తన ఊపుతోనే వెళ్లి కాయిన్‌ను కొట్టినట్టు, పిన్ను మిగతా దూరం తనంతట తానే ఎగిరి, కొట్టి, ఆ దెబ్బకే వెనక్కి ఎగిరి వస్తుంది.

జపాన్‌లో ఎప్సన్ కథ గడియారాల నుంచి మొదలైంది. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో సమయాన్ని కొలిచి కాగితం మీద అచ్చువేసే యంత్రాలు సీకో గ్రూపు తయారుచేసింది. ఆ అనుభవంతో 1968లో ఈపీ-101 అనే బుల్లి ప్రింటర్ వచ్చింది, క్యాలిక్యులేటర్లకు పెట్టేది. ఎప్సన్ అనే పేరు కూడా ఆ ఈపీ నుంచి పుట్టిందే. 1980లో వచ్చిన ఎమ్ఎక్స్-80 మోడల్‌లో హెడ్, అంటే పిన్నులుండే భాగం, అరిగిపోతే వాడేవాడే తీసి కొత్తది పెట్టుకోవచ్చు.

ఆ తరం 9 పిన్నుల హెడ్‌లో పిన్నుకూ పిన్నుకూ దూరం అంగుళంలో 72వ వంతు. చుక్కల మధ్య సందులు కనబడతాయి. సందులు పూడ్చాలంటే పిన్నులు పెంచాలి, అది ఖర్చు. ఇంకో దారి కాగితాన్ని ఒక చుక్క దూరంలో మూడో వంతు, అంటే అంగుళంలో 216వ వంతు జరిపి, అదే లైను మళ్లీ కొట్టడం. 216వ వంతంటే 0.12 మిల్లీమీటరు. ఆ రోజుల్లో ‘లెటర్ క్వాలిటీకి దగ్గర’ అని ప్రకటనల్లో గొప్పగా చెప్పుకున్నది చాలావరకు కాగితాన్ని అంత సన్నగా జరపగలిగిన స్టెప్పర్ మోటారు (అంచెలంచెలుగా తిరిగేది), పళ్ల చక్రాల పుణ్యమే.

తెలుగుకు ఈ సంగతి మరీ ముఖ్యం. ఇంగ్లిష్ అక్షరం 9 చుక్కల ఎత్తులో ఒదుగుతుంది. పైన గుడిదీర్ఘం, కింద వత్తు, దాని పక్కన ఇంకో వత్తు ఉన్న ‘స్త్రీ’ ఒదగదు. కాబట్టి తెలుగు లైనును బొమ్మలా పంపి, హెడ్‌ను రెండు మూడుసార్లు తిప్పాల్సిందే. ఒక్కోసారి కాగితం సరిగ్గా జరగకపోతే అక్షరం ఒకచోట, దాని వత్తు కాస్త పైకో కిందికో కనబడేవి. 24 పిన్నుల హెడ్‌లు వచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

కాగితం పొడవుతో మన ఇబ్బంది వేరు. అమెరికన్ ప్రింటర్లు పేజీ 11 అంగుళాలని అనుకుంటాయి. మన దుకాణాల్లో దొరికే కంప్యూటర్ పేపర్ చాలావరకు 12 అంగుళాలది. సెట్టింగ్ మార్చకపోతే ప్రతి బిల్లూ ముందుదానికంటే ఒక అంగుళం పైన మొదలవుతుంది. నాలుగైదు పేజీలకే చింపుడు గీత బిల్లు మధ్యలోకి వచ్చేస్తుంది. ఒక ఆఫీసులో ప్రతి బిల్లుకూ చక్రాన్ని చేత్తో తిప్పి సరిచేసుకునే గుమాస్తాను చూశాను. వెనక ఉన్న చిన్న స్విచ్ ఒకటి మారిస్తే అయిపోయేది.

రిబ్బన్ గురించి ఒక్క మాట. చాలా రిబ్బన్ డబ్బాల్లో టేపు అంతం లేని వలయం. అతికేటప్పుడు దానికి అర మెలిక ఒకటి పెడతారు. పిన్నులు రిబ్బన్‌లో ఒక పట్టీనే కొడతాయి కాబట్టి, ఒక చుట్టు పూర్తయ్యాక మెలిక వల్ల పై అంచు కిందికి వస్తుంది, వాడని సిరా దొరుకుతుంది. లెక్కల పుస్తకాల్లో మోబియస్ పట్టీ అని చదువుకునే వింత ఇదే. ఇంకో సంగతి, ఆ సిరాలోని నూనె పిన్నులకు కందెన కూడా. రిబ్బన్ రంగు పోయిందని స్టాంపు ప్యాడ్ సిరా పోస్తే పది రూపాయలు మిగులుతాయేమో గానీ, పిన్నులు ఎండి ఇరుక్కుని హెడ్ పోతుంది.

ఇప్పటికీ ఈ యంత్రాలు ఎందుకు బతికున్నాయంటే, లేజరూ ఇంక్‌జెట్టూ కాగితాన్ని కొట్టలేవు. జీఎస్టీ నిబంధనల ప్రకారం సరుకు అమ్మినప్పుడు సాధారణంగా ఇన్‌వాయిస్ మూడు ప్రతులు కావాలి. కొన్నవాడికి ఒకటి, లారీతో ఒకటి, అమ్మినవాడి దగ్గర ఒకటి. ఒకే దెబ్బకు మూడూ పడాలి. 1950లలో ఎన్‌సీఆర్ కంపెనీ తెచ్చిన కార్బన్ లేని కాపీ కాగితం దీనికి సాయం చేసింది. పై కాగితం అడుగున కంటికి కనబడనంత చిన్న గుళికల్లో రంగులేని ద్రవం ఉంటుంది. దెబ్బకు గుళికలు పగిలి, కింది కాగితం మీది పూతతో కలిసి నీలం రంగు తేలుతుంది.

ప్రతులు పెరిగితే మందం పెరుగుతుంది, కాబట్టి హెడ్‌కూ ప్లాటెన్‌కూ మధ్య సందు కూడా పెరగాలి. సందు మరీ తక్కువైతే రిబ్బన్ కాగితానికి రాసుకుని మరకలు పడతాయి, ఎక్కువైతే చివరి ప్రతిలో 3 ఏదో 8 ఏదో తెలియదు. బ్యాంకుల్లో పాస్‌బుక్ ప్రింటర్‌కు ఇది రోజూ పరీక్షే. మొదటి పేజీ తెరిస్తే ఒక పక్క అట్ట ఒక్కటే, ఇంకో పక్క మిగతా పేజీలన్నీ, మధ్యలో కుట్టు మిట్ట. అందుకే అది పుస్తకాన్ని వంచకుండా చదునుగానే లోపలికి లాక్కుని, వంకరగా పెట్టినా సరిచేసుకుని, మందం కొలిచి సందు తనే మార్చుకున్నాకే మొదటి దెబ్బ వేస్తుంది. కౌంటర్ దగ్గర పుస్తకం లోపలికి వెళ్లాక రెండు క్షణాలు ఏ చప్పుడూ రాకపోతే, జరుగుతున్న పని అదే.