పీచు వలిచిన కాయే ఎందుకు పగులుతుంది?

కవిటి దగ్గర మా మావయ్య తోటలో కొబ్బరికాయలు దింపే రోజున చెట్టు దరిదాపులకి ఎవర్నీ రానివ్వరు. యాభై అడుగుల ఎత్తు నుంచి ముదురు కాయ ధబ్బుమని పడి ఇసకలో కూరుకుంటుంది. తీసి దులిపితే చిన్న చిట్లు కూడా ఉండదు. అదే కాయకి పీచు వలిచి అరసవల్లి గుడి దగ్గర రాతి మీద కొడితే ఒక్క దెబ్బకి రెండు చెక్కలు.

"ఇసక మెత్తన కదరా, ఏటవుద్ది?" అంటాడు మావయ్య. నిజమే. కానీ ఎంత మెత్తన?

పీచుతో సహా కాయ కిలోన్నర ఉందనుకుందాం. గాలి అడ్డు పట్టించుకోకపోతే 15 మీటర్లు పడేసరికి వేగం సెకనుకి సుమారు 17 మీటర్లు. ద్రవ్యరాశి 1.5ని వేగం 17తో గుణిస్తే వచ్చే ద్రవ్యవేగం 25.5. నేల దాన్ని సున్నాకి తేవాలి. అందుకు నేల చూపిన సగటు బలాన్ని, అది పనిచేసిన కాలంతో గుణిస్తే వచ్చేదే ప్రచోదనం. అదీ 25.5 న్యూటన్-సెకన్లే. ద్రవ్యవేగంలో వచ్చిన మార్పు ఎంతో ప్రచోదనం అంత. 1687లో న్యూటన్ రెండో నియమం చెప్పినప్పుడు కూడా ద్రవ్యరాశిని త్వరణంతో గుణించమనలేదు, చలనంలో, అంటే ద్రవ్యవేగంలో, వచ్చే మార్పు గురించే చెప్పాడు.

ఇక గుడి దగ్గర కాయ. వలిచాక అరకిలో, చేతి విసురు సెకనుకి 5 మీటర్లు అనుకుంటే 2.5 న్యూటన్-సెకన్లు. తోటలో దానికి పదో వంతు! మరి పగలాల్సింది ఏది?

ఆగడానికి ఎంతసేపు పట్టిందో చూడాలి. వేగం ఒకే తీరున తగ్గిందనుకుంటే, ఆగేలోపు నడిచిన దూరాన్ని రెట్టింపు చేసి మొదటి వేగంతో భాగిస్తే కాలం వచ్చేస్తుంది. కాయ ఇసకలో 10 సెంటీమీటర్లు దిగితే, 0.2ని 17తో భాగించాలి. అంటే 12 మిల్లీసెకన్లు. 25.5ని 0.012తో భాగిస్తే సుమారు 2,100 న్యూటన్లు. (సెకన్లలోకి మార్చకుండా 12తోనే భాగించి, 2 న్యూటన్లని రాసేసే పిల్లలు నా ట్యూషన్‌లో ఏటా ఉంటారు. 2 న్యూటన్లంటే ఓ చిన్న మామిడికాయ బరువు!) రాతి మీద పీచు వలిచిన కాయ ఒక్క మిల్లీసెకనులో ఆగిపోయిందంటే బలం 2,500 న్యూటన్లు. ప్రచోదనం పదో వంతే, దెబ్బ మాత్రం కాస్త ఎక్కువే. పైగా ఆ బలమంతా చిప్ప మీద ఒక్క చోటే పడుతుంది. ఇసకలో పడ్డ కాయకైతే పీచు దాన్ని చుట్టూ పంచేస్తుంది.

ఇవన్నీ సగటు బలాలని మరిచిపోకూడదు. నిజానికి తగిలిన క్షణం నుంచి బలం పెరిగి, మళ్లీ తగ్గుతుంది. బలం-కాలం గ్రాఫు గీస్తే దాని కింద ఉన్న వైశాల్యమే ప్రచోదనం. గ్రాఫు త్రిభుజంలా ఉంటే శిఖరం దగ్గర బలం సగటుకి రెట్టింపు.

పిల్లలు ఎక్కువగా పొరపడేది ఇంకోచోట. కాయ గట్టి నేల మీద పడి సెకనుకి 3 మీటర్ల వేగంతో పైకి ఎగిరిందనుకోండి. చాలామంది 17లోంచి 3 తీసేస్తారు. దిశ మారింది కాబట్టి కలపాలి. 1.5ని 20తో గుణిస్తే 30 న్యూటన్-సెకన్లు. నేల కాయని ఆపడమే కాదు, వెనక్కి తోసింది కూడా. ఆ పనికి కూడా లెక్క కట్టాలి కదా.

ఈమధ్య మావయ్య పెరట్లో సిమెంటు చేయించాడు. చెట్టొకటి ఆ పక్కనే ఉంది. సిమెంటు మీద పడితే పీచు ఓ 2 సెంటీమీటర్లు నొక్కుకుంటుందేమో, అంతే. ఎగరకుండా ఆగిందనుకున్నా సగటు బలం పది వేల న్యూటన్లు దాటిపోతుంది. దింపు రోజున ఆయన ఆ చెట్టు కింద పీచు కుప్ప పోయిస్తాడు. కాయ అందులో 20 సెంటీమీటర్లు దిగిందంటే 1,100 న్యూటన్లే. ఇసకలో దానికి సగం.